కింది మెట్టు మీద కాపురం

1997 నవంబర్ 16 రాత్రి. మలేషియాలోని జొహర్ బహ్రులో జపాన్, ఇరాన్ 2-2తో సమానంగా నిలిచి అదనపు సమయంలోకి వెళ్లాయి. గెలిచినవాళ్లకు ఫ్రాన్స్ ప్రపంచ కప్ టికెట్ చేతికొస్తుంది. జపాన్ అప్పటిదాకా ఒక్క ప్రపంచ కప్ కూడా ఆడలేదు. కోచ్ తకేషి ఒకాదాకు 41 ఏళ్లు, ఆ కుర్చీలో కూర్చుని నెలన్నర కూడా సరిగ్గా కాలేదు. అదనపు సమయంలో ఆయన మైదానంలోకి పంపిన మసాయుకి ఒకానో జులపాల జుట్టుతో గాలిలా పరిగెడుతున్నాడు గానీ, వచ్చిన అవకాశాలను ఒకటి తర్వాత ఒకటి పాడుచేస్తున్నాడు. 118వ నిమిషంలో సహ ఆటగాడు నకాతా కొట్టిన బంతిని ఇరాన్ గోలీ ఆపాడు, పట్టుకోలేకపోయాడు. ఒకానో నేలమీద జారుకుంటూ వచ్చి దాన్ని లోపలికి తోసేశాడు. గోల్డెన్ గోల్ రోజులవి. గోల్ పడితే ఆట అక్కడితో సరి.

ఆ తర్వాత ఈ ఇద్దరూ ఎక్కడ తేలారో చూస్తేనే నా వ్యాసానికి దారి దొరుకుతుంది. ఒకానో జపాన్‌లోకెల్లా జనాభా తక్కువున్న తొత్తోరి ప్రిఫెక్చర్‌లో గైనారె తొత్తోరి అనే క్లబ్‌కు ఆడి, ఆపైన దానికే జనరల్ మేనేజర్ అయ్యాడు. ఒకాదా జాతీయ జట్టును రెండుసార్లు ప్రపంచ కప్‌కు తీసుకెళ్లి, యోకోహామా ఎఫ్. మారినోస్‌కు 2003, 2004లో వరుసగా లీగ్ టైటిళ్లు అందించి, 2014లో షికోకు దీవిలోని ఇమబరిలో ఐదో అంచె లీగ్‌లో ఆడుతున్న జట్టులో సగానికి పైగా వాటా తీసుకున్నాడు. తువ్వాళ్లకూ ఓడల తయారీకీ పేరున్న ఊరది. ఇంత పేరున్నవాళ్లు అంత చిన్న ఊళ్లకు ఎందుకు వెళ్లారు అన్నది చిన్న ప్రశ్న. అసలు అలాంటి ఊళ్లకు జీతాలిచ్చి నడిపే ఫుట్‌బాల్ క్లబ్ ఎందుకు, ఉన్నా ఎలా బతుకుతుంది అన్నది పెద్ద ప్రశ్న. జపాన్ దీనికి పాతికేళ్లుగా రకరకాల జవాబులు రాస్తోంది. వాటిలో కొన్ని తప్పులు, కొన్ని ఖరీదైనవి, ఒకటి రెండు మాత్రం ముచ్చటైనవి.

జె-లీగ్ 1993లో 10 క్లబ్‌లతో మొదలైంది. అంతకుముందు జపాన్ ఫుట్‌బాల్ అంటే కంపెనీ జట్ల ఆట: నిస్సాన్, మజ్దా, యోమియురి, ఫురుకావా. ఆటగాడు పగలు ఆఫీసులో కూర్చుని సాయంత్రం బూట్లు కట్టుకునేవాడు. లీగ్ తొలి ఛైర్మన్ సబురో కవాబుచి పట్టుబట్టి జట్ల పేర్లలోంచి కంపెనీలను తీయించి ఊళ్లను పెట్టించాడు. పేరైతే మారింది, చెక్కు మీద సంతకం మాత్రం కంపెనీదే. ఆ సంగతి 1998లో యోకోహామా ఫ్లూగెల్స్ అభిమానులకు తెలిసొచ్చింది. స్పాన్సర్లలో ఒకరైన నిర్మాణ సంస్థ చేతులెత్తేయగానే క్లబ్‌ను పక్క క్లబ్ మారినోస్‌లో కలిపేశారు. ఫ్లూగెల్స్ 1999 జనవరి 1న దేశవ్యాప్త నాకౌట్ పోటీ అయిన ఎంపరర్స్ కప్ ఫైనల్ గెలిచి, కప్పు ఎత్తి, ఆ రోజుతోనే లేకుండా పోయింది. అభిమానులు ఊరుకోలేదు. చందాలేసుకుని యోకోహామా ఎఫ్‌సీ పేరుతో కొత్త క్లబ్ పెట్టి, కింది నుంచి మొదలుపెట్టి, 2007కల్లా మొదటి డివిజన్‌కు వచ్చారు. 2017లో కజుయోషి మియురా 50 ఏళ్లు నిండిన రెండు వారాలకు గోల్ కొట్టిందీ ఈ క్లబ్ చొక్కాతోనే.

రెండో డివిజన్ జె2 పుట్టింది సరిగ్గా ఆ 1999లోనే. మూడోది జె3 2014లో వచ్చింది. జె3 తొలినాళ్లలో ఒక్కో క్లబ్‌లో కనీసం ముగ్గురు ఆటగాళ్లకు ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఉంటే చాలన్నారు. అంటే మిగతావాళ్లు పొద్దున సాధన చేసి, మధ్యాహ్నం షాపుల్లోనో బడుల్లోనో పనిచేసుకునే వీలున్న ‘ప్రొఫెషనల్’ లీగ్ అన్నమాట. 2024 నుంచి మూడు డివిజన్లలోనూ ఇరవయ్యేసి, మొత్తం 60 క్లబ్‌లు.

పేర్లే ఈ లీగ్ కింది అంతస్తుల తీరు చెప్పేస్తాయి. పాత పేరు సనుకి అయిన కగావా ప్రిఫెక్చర్ ఉదోన్ నూడుల్స్‌కు ప్రసిద్ధి. కుండలోంచి వేడివేడిగా తీసిన ఉదోన్ మీద పచ్చి గుడ్డు కొట్టి కలిపితే అది కమతమ. దానికి ఇటాలియన్ భాషలో సముద్రం అని అర్థమున్న ‘మారె’ను తగిలించి కమతమారె సనుకి అన్నారు. కుసత్సు వేడినీటి ఊటల ఊరు. అక్కడ పుట్టిన జట్టు థెస్పా, అంటే ‘ది స్పా’. దాని తొలినాళ్ల ఆటగాళ్లు ఆ ఊరి స్నానాల హోటళ్లలో పనిచేస్తూనే ఆడేవారు. గైనారెలోని ‘గైన’ తొత్తోరి పడమటి యాసలో ‘పెద్ద’ అనే మాట. మత్సుమోతో యామగాది వీటన్నిటికన్నా మంచి కథ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పైకెక్కడానికి ఆట ఒక్కటే చాలదు, లైసెన్సు కావాలి. 2013 సీజన్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ లైసెన్సు పద్ధతిలో ముఖ్యమైన షరతులు రెండు. వరుసగా మూడేళ్లు నష్టాల్లో ఉన్నా, ఆస్తులకన్నా అప్పులు ఎక్కువైనా లైసెన్సు పోతుంది. జె1కు 15,000, జె2కు 10,000 మంది పట్టే స్టేడియం ఉండాలి. ఆ తర్వాత కొన్ని సడలింపులొచ్చాయి. మొదటి షరతును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అప్పు చేసి ఆటగాళ్లను కొని, మునిగాక ఊరి మీద పడే యూరప్ జబ్బును అది చాలావరకు ఆపింది. రెండో షరతు దగ్గరే నాకు పేచీ. 2017లో బ్లావ్‌బ్లిట్జ్ అకితా జె3 ఛాంపియన్ అయింది. స్టేడియం సరిపోక జె2 లైసెన్సు లేదు కాబట్టి అక్కడే ఉండిపోయింది. రెండో స్థానంలో ఉన్న తొచిగి పైకి వెళ్లింది. ఇంకో తమాషా ఏమిటంటే, అకితా ఎక్కలేకపోయినందువల్ల జె2లో కిందినుంచి రెండో స్థానంలో ఉన్న కుమమోతో దిగకుండా బతికిపోయింది. అకితా మళ్లీ 2020లో ఛాంపియన్ అయ్యాకే పైమెట్టు ఎక్కింది. ఏడాదంతా గెలిచిన కుర్రాళ్లకు మీ ఊళ్లో కుర్చీలు చాల్లేదని చెప్పడం ఏ ఆటలోనైనా అన్యాయమే. ఆ కుర్చీల ఖర్చు చివరికి పడేది మునిసిపాలిటీ మీద. జనం తగ్గుతూ ముసలివాళ్లు పెరుగుతున్న ఊళ్లు, రెండు వారాలకోసారి నిండే మైదానానికి పన్ను డబ్బు పెట్టాలా వద్దా అని కొట్టుకుంటుంటాయి.

ఇమబరి దీనికి తన దారి తాను వెతుక్కుంది. ఒకాదా వచ్చినప్పుడు జట్టు షికోకు ప్రాంతీయ లీగ్‌లో ఉంది. 2017లో జె-లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే జెఎఫ్‌ఎల్‌కు, 2020లో జె3కి, 2025లో జె2కి ఎక్కింది. ఈ మెట్ల లెక్క పత్రికలకు బాగుంటుంది గానీ, నా దృష్టిలో అసలు విషయం 2023లో తెరిచిన సతోయామా స్టేడియం. దాదాపు 400 కోట్ల యెన్‌లు ఖర్చయ్యాయి. నగరం స్థలం ఉచితంగా ఇచ్చింది, కట్టే డబ్బు క్లబ్ కూడగట్టుకుంది. ఐదు వేల మందికి కాస్త పైన పడతారు, అవసరమైతే పెంచుకునేలా కట్టారు. ‘సతోయామా’ అంటే ఊరికీ అడవికీ మధ్య మనుషులు కట్టెలకూ పుట్టగొడుగులకూ వెళ్లొచ్చే కొండవాలు. పూర్తిగా అడవీ కాని, పూర్తిగా పొలమూ కాని చోటు. మ్యాచ్ లేని రోజు కూడా జనం కుక్కల్ని తిప్పడానికో కాఫీకో అక్కడికి రావాలన్నది ఆలోచన. 2024 ఏప్రిల్‌లో ఆ బృందమే ఒక హైస్కూలు నడపడం మొదలుపెట్టింది, ఒకాదా దానికి పెద్ద. ఫుట్‌బాల్ క్లబ్‌కు బడి ఎందుకని అడగొచ్చు. కుర్రాళ్లు పద్దెనిమిదేళ్లకు రైలెక్కి ఒసాకాకో టోక్యోకో పోయే ఊళ్లో, ఇరవై ఏళ్ల తర్వాత టికెట్ కొనేవాడు ఎవడని క్లబ్ ఆలోచించినప్పుడు తట్టే జవాబు అది.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచకూడదు. స్పాన్సర్లు తలుపు తీసింది ఒకాదా పేరుకు. జాతీయ జట్టు మాజీ కోచ్ ఫోన్ చేస్తే పెద్ద కంపెనీ ఛైర్మన్ కూడా ఎత్తుతాడు. ఊరికో ఒకాదా దొరకడు. అందుకే ఇమబరిని అందరికీ నమూనాగా చూపించే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు కొంచెం అనుమానం. ఆ ఊరు ఎంచుకున్న పని నేర్చుకోదగ్గదే, ఆ వేగాన్ని మాత్రం ఇంకో ఊరు ఆశించకూడదు.

డబ్బున్నవాళ్ల దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2017లో దివాలా అంచున ఉన్న వి-వారెన్ నాగసాకిని టీవీ షాపింగ్ సంస్థ జపానెట్ తీసుకుంది. అదే ఏడాది జట్టు జె1కు ఎక్కింది, మరుసటి ఏడాదే దిగింది. 2024 అక్టోబర్‌లో ఆ సంస్థ పాత మిత్సుబిషి ఫ్యాక్టరీ స్థలంలో, గదిలోంచి మైదానం కనిపించే హోటల్‌తో, నెత్తిమీద జిప్‌లైన్‌తో, దాదాపు పదివేల కోట్ల యెన్‌లతో స్టేడియం సిటీ తెరిచింది. అదే ఏడాది రెడ్ బుల్ అప్పటికి జె3లో ఉన్న ఒమియా అర్దిజాను పూర్తిగా కొనేసింది. విదేశీ సంస్థ పూర్తిగా కొన్న తొలి జె-లీగ్ క్లబ్ అదే. ఊరి పేరు ముందు ఇప్పుడు ఆర్‌బీ అని రెండక్షరాలు. కవాబుచి తీయించిన కంపెనీ పేరు ముప్పై ఏళ్ల తర్వాత పొట్టి అక్షరాల వేషంలో వెనక్కి వచ్చింది.

నాకు ఎక్కువ ఇష్టమైనవి డబ్బులేనివాళ్ల తెలివితేటలు. వెంట్‌ఫోరె కోఫు జె2 మొదటి మూడేళ్లూ, 1999 నుంచి 2001 దాకా, అట్టడుగునే ఉంది. 2000లో వరుసగా 19 మ్యాచ్‌లు ఓడింది. మూసేద్దామా అన్న మాట వచ్చింది. 2001లో కజుయుకి ఉమినో అధ్యక్షుడయ్యాడు. క్లబ్ ఉండాలంటే మ్యాచ్‌కు సగటున 3,000 మంది రావాలి, సభ్యులు 5,000 మంది కావాలి, ప్రకటనల మీద 5 కోట్ల యెన్‌లు రావాలి అని లక్ష్యాలు పెట్టారు. పెద్ద స్పాన్సర్ ఎవరూ రారని తెలుసు. అందుకని ఊళ్లోని చిన్న దుకాణాలన్నిటి తలుపూ తట్టారు. మైదానం చుట్టూ ఎన్ని బోర్డులు పడితే అన్ని పెట్టారు. బోర్డులకు చోటు అయిపోతే, దెబ్బ తగిలిన ఆటగాడిని మోసుకెళ్లే స్ట్రెచర్ మీద కూడా ప్రకటన అచ్చేశారు. ఆలోచిస్తే అంతకన్నా మంచి స్థలం లేదు: మనిషి కింద పడగానే స్టేడియం మొత్తం, టీవీ కెమెరాలతో సహా చూసేది దాన్నే. డబ్బివ్వలేనివాళ్లు భోజనం పెట్టారు, బట్టలు ఉతికిపెట్టారు. 2005 చివర్లో ప్లే-ఆఫ్‌లో బారె అనే బ్రెజిల్ ఆటగాడు ఒక్క మ్యాచ్‌లో ఆరు గోల్స్ కొట్టి జె1 జట్టు కషివాను పడగొట్టాక కోఫు జె1కు ఎక్కింది. ఆ తర్వాత దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది.

ఆపైన 2022. జె2లో 22 జట్లలో 18వ స్థానం. అదే ఏడాది ఎంపరర్స్ కప్‌లో మాత్రం ఒక్కో జె1 జట్టునూ దాటుకుంటూ ఫైనల్ చేరింది. ఎదురుగా హిరోషిమా. 1-1తో అదనపు సమయం ముగుస్తుండగా హిదెయోమి యమమోతో చేతికి బంతి తగిలి పెనాల్టీ పడింది. అతనికి 42 ఏళ్లు, 2003 నుంచి ఆ క్లబ్‌లోనే ఉన్నాడు. ఇరవై ఏళ్ల చాకిరీ అలా ముగుస్తుందా అనిపించిన క్షణాన గోలీ కవాతా దాన్ని ఆపాడు. పెనాల్టీ షూటౌట్‌లో కోఫు తరఫున ఐదో కిక్ కొట్టాల్సింది ఆ యమమోతోనే. కొట్టాడు, కప్పు వచ్చింది. దాంతో మరుసటి ఏడాది రెండో డివిజన్ జట్టు ఆసియా ఛాంపియన్స్ లీగ్ ఆడింది. సొంత స్టేడియం ఆ టోర్నీ నిబంధనలకు సరిపోక టోక్యో జాతీయ స్టేడియం అద్దెకు తీసుకుంటే, గ్యాలరీలు నింపడానికి వేరే క్లబ్‌ల అభిమానులు తమ తమ రంగుల చొక్కాలతోనే వచ్చారు. మెల్‌బోర్న్ సిటీ, బురిరామ్, జెజియాంగ్ ఉన్న గ్రూపులో కోఫు అగ్రస్థానంలో నిలిచింది. లీగ్ పట్టిక క్లబ్ విలువ చెప్పేస్తుందని నమ్మేవాళ్లకు ఆ ఏడాది కోఫును చూపిస్తే చాలు.

తొత్తోరి అంత అదృష్టానికి నోచుకోలేదు. 2011లో జె2కు ఎక్కి, 2013లో ప్లే-ఆఫ్‌లో ఆ ఉదోన్ జట్టు చేతిలోనే ఓడి దిగిపోయింది. అప్పటినుంచి జె3లోనే. ఒకానో ఏం చేశాడంటే, రేవుకు వెళ్లాడు. పక్కనే ఉన్న సకాయిమినాతో పెద్ద చేపల రేవు. క్లబ్‌కు విరాళమిచ్చినవాళ్లకు అక్కడి చేపలూ పీతలూ పంపే పథకం పెట్టి, ఆ డబ్బుతో గోల్స్ కొట్టేవాడిని తెచ్చుకుందామన్నాడు. పీతలమ్మి ఫార్వర్డ్‌ను కొనడమన్నమాట. నవ్వులాటగా మొదలైన పథకానికి దేశమంతటినుంచీ డబ్బొచ్చింది. జొహర్ బహ్రు గోల్‌ను మరిచిపోనివాళ్లు జపాన్‌లో లక్షల్లో ఉన్నారు మరి. తర్వాత క్లబ్ ఇంకో పని ఎత్తుకుంది. యోనాగో చుట్టుపక్కల సాగు మానేసి బీడుపడ్డ పొలాల్లో పచ్చిక పెంచి, బడులకూ పిల్లల ఆటస్థలాలకూ అమ్మడం. ఫుట్‌బాల్ క్లబ్‌లో గడ్డి సంగతి తెలిసినవాళ్లు ఎలాగూ ఉంటారు. కొడుకులు ఊరొదిలిపోయిన రైతుల పొలాలు ఎలాగూ ఉన్నాయి. గొప్ప వ్యాపారం కాదు. కానీ జట్టు మ్యాచ్ ఓడినా సోమవారం నాడు గడ్డి పెరుగుతూనే ఉంటుంది. యోనాగోలో క్లబ్ తనదిగా కట్టుకున్న చిన్న స్టేడియం పేరు యాజిన్. అంటే అడవి మనిషి. అది ఒకానో ముద్దుపేరు.

మితో హాలీహాక్‌ది మరో రకం ఓపిక. 2000లో జె2లో అడుగుపెట్టి, ఎక్కకా దిగకా 26 సీజన్లు అక్కడే ఉంది. దాన్ని వెక్కిరించేవాళ్లు కూడా ఉండేవారు. ఈ మధ్య క్లబ్ సాధనకు, ఆఫీసుకు వాడుకుంటున్నది పక్కనున్న షిరోసాతో పట్టణంలో మూతపడిన ఒక మిడిల్ స్కూలును. పిల్లలు లేక మూసేసిన బడిలో ఇప్పుడు ఆటగాళ్ల బూట్లు ఆరుతున్నాయి. ఆ ఆటగాళ్లను మైదానం బయట కూర్చోబెట్టి తాము ఎందుకు ఆడుతున్నారో, ఆట మానేశాక ఏం చేస్తారో ఆలోచింపజేసే తరగతులు కూడా క్లబ్ పెడుతుంది. 2025లో మితో జె2 ఛాంపియన్ అయి తొలిసారి జె1కు ఎక్కింది. పాతికేళ్లు నిలకడగా ఉన్నందుకే ఎక్కిందని అంటే తీపిగా ఉంటుంది. కానీ ఇన్నేళ్లలో అది ఎక్కకపోయినా నేనీ పేరా రాసేవాణ్ణే.

ఇలాంటి క్లబ్‌ల వల్ల జాతీయ జట్టుకేం లాభమని అడిగేవాళ్లకు దైజెన్ మాయెదా ఒక జవాబు. 2016లో హైస్కూలు ముగించి మత్సుమోతో యామగాలో చేరాడు. మరుసటి ఏడాది అరువు మీద మితోకు వెళ్లి జె2లో 13 గోల్స్ కొట్టాడు. 2022 ప్రపంచ కప్‌లో క్రొయేషియా మీద గోల్ కొట్టింది అతనే. క్యోగో ఫురుహాషి కూడా అప్పట్లో జె2లో ఉన్న ఎఫ్‌సీ గిఫులో మొదలై స్కాట్లండ్ దాకా వెళ్లాడు. పెద్ద క్లబ్‌లో బెంచీ మీద కూర్చునే వయసులో చిన్న క్లబ్‌లో ఏడాదికి నలభై మ్యాచ్‌లు దొరకడం కుర్రాళ్లకు వరమే. అయితే నారు పోసిన చోటుకు దక్కేది తక్కువ. పంటంతా పైవాళ్ల గాదెకే.

మత్సుమోతో అన్నాను కదా. రైల్వే స్టేషన్ ఎదుట యామగా అని ఒక కాఫీ హోటల్ ఉండేది. 1965లో అక్కడ కూర్చునేవాళ్లు పెట్టుకున్న జట్టు అది. పేరు కూడా ఆ హోటల్‌దే. 2011లో జాతీయ జట్టు మాజీ డిఫెండర్ నవోకి మత్సుదా ఈ క్లబ్‌కు వచ్చాడు. ఆగస్టులో సాధన చేస్తూ కుప్పకూలి, 34 ఏళ్లకే చనిపోయాడు. జట్టు ఆ ఏడాదే జె2కు అర్హత సంపాదించింది. 2015లో, మళ్లీ 2019లో జె1 ఆడింది. విమానాశ్రయం పక్కనున్న అల్విన్ స్టేడియానికి జె2 రోజుల్లోనే పదివేలకు పైగా జనం వచ్చేవారు. మొదటి డివిజన్‌లో ఉన్న కొన్ని క్లబ్‌లకు కూడా అసూయ పుట్టేది. అంత జనం ఉన్నా 2022కల్లా జట్టు జె3లో పడింది. పక్కూరి శత్రువు నాగనో పర్సెయిరోతో మూడో డివిజన్‌లో షిన్షు డెర్బీ ఆడుకుంది.

2024 డిసెంబర్‌లో మళ్లీ ఎక్కే అవకాశం దాకా వచ్చింది. ప్లే-ఆఫ్ ఫైనల్లో తొయామా మీద 2-0తో ముందుంది. అక్కడ నిబంధన ఏమిటంటే, డ్రా అయితే లీగ్ పట్టికలో పైనున్నవాళ్లదే గెలుపు. తొయామా ఒకటి తీర్చింది, 90 నిమిషాలు దాటాక రెండోది తీర్చింది. 2-2, ఓడకుండానే మత్సుమోతో కథ ముగిసింది. ఈ నిబంధనలో తప్పేమీ లేదు, ఏడాదంతా మెరుగ్గా ఆడినవాళ్లకు ఆ మాత్రం మొగ్గు ఉండాల్సిందే. ఎటొచ్చీ బస్సుల్లో తొయామా దాకా వెళ్లినవాళ్లకు ఆ రాత్రి ఈ న్యాయం వివరించడం కష్టం.

కింద కూడా నేల గట్టిగా లేదు. జె3 నుంచి జెఎఫ్‌ఎల్‌కు పడిపోవడం 2024లో తొలిసారి నిజంగా జరిగింది: ఇవాతె గ్రుల్లా మొరియోకా, వైఎస్‌సీసీ యోకోహామా లీగ్ బయటికి వెళ్లాయి. వాటి బదులు వచ్చినవాటిలో ఒకటైన కోచి యునైటెడ్ రాకతో షికోకు నాలుగు ప్రిఫెక్చర్లకూ కనీసం ఒక్కో జె-లీగ్ క్లబ్ అయింది. ఇక జెఎఫ్‌ఎల్‌లో హోండా ఎఫ్‌సీ అని హమమత్సు కంపెనీ జట్టు ఒకటుంది. మాటిమాటికీ అక్కడ ఛాంపియన్ అవుతుంది, జె-లీగ్‌కు మాత్రం రాదు. పైకెళ్లాలనుకునేవాళ్లందరినీ ఆపి పరీక్షించే ఆ జట్టును అభిమానులు ద్వారపాలకుడని పిలుస్తారు. మెట్లన్నీ ఎక్కడానికే అనుకునే లీగ్ గుమ్మంలో, ఎక్కను పో అని కాళ్లు చాపుకుని కూర్చున్న ఆ కంపెనీ జట్టంటే నాకు లోలోపల గౌరవం.

2026 ఆగస్టు నుంచి జె-లీగ్ సీజన్ యూరప్ తరహాలో వేసవి చివర మొదలై మరుసటి వేసవికి ముగుస్తుంది. ఆటగాళ్ల కొనుగోళ్లకు, ఆసియా టోర్నీలకు ఇది వీలు. కానీ అకితా, తొయామా, కనజావా లాంటి మంచు ఊళ్ల క్లబ్‌లకు డిసెంబర్ నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా విరామం ఇచ్చినా సరిపోదు. మ్యాచ్ ఆపొచ్చు, సాధన ఆపలేరు కదా. పెద్ద క్లబ్ కప్పున్న మైదానంలోకి వెళ్తుంది. చిన్న క్లబ్ బస్సెక్కి వందల మైళ్లు దక్షిణానికి పోయి హోటల్ బిల్లు కట్టాలి. మొదటి మెట్టు వాళ్లకోసం గీసిన క్యాలెండర్‌కు మూడో మెట్టువాళ్లు చలిలో ధర చెల్లిస్తారు.

మత్సుమోతోలో ఆ పాత కాఫీ హోటల్ ఎప్పుడో మూతపడింది. 2017లో క్లబ్ తానే అదే పేరుతో మళ్లీ ఒకటి తెరిచింది. జట్టు అప్పుడు జె2లో ఉంది, తర్వాత జె1కు వెళ్లింది, ఆపైన జె3కి వచ్చింది. కాఫీ హోటల్ మాత్రం ఊళ్లోనే ఉంది.